ఏటి బతుకు

బంగార్రాజును పోలీసులు పట్టపగలు రైలెక్కించారు. దొంగతనం చేసినందుకు కాదు, రైలింజన్ల షెడ్డులో ఓడిపోయిన సమ్మెకు పాటలు కట్టినందుకు. మళ్లీ బిలాస్‌పూర్‌లో అడుగు పెట్టకూడదన్నారు. అతని పాట పాడితే డ్యూటీ, క్వార్టరు రెండూ పోతాయని షెడ్డు ఫోర్మన్ చాటించాడు. శ్రీకాకుళం వైపు పొలం పుట్రా పోగొట్టుకొని వచ్చినవాళ్లకు ఆ క్వార్టరు తప్ప నిలువనీడ లేదు. కనుక నోళ్లు మూతపడ్డాయి.

షెడ్డు కూలీ ఎర్రయ్య భార్య కనకం మాత్రం, హిందీ బడికి పోయే పిల్లలకు తన వరండాలో తెలుగు నేర్పుతూ ఆ పాటే ఎత్తుకుంది.

'ఏటి బతుకు, ఏటి బతుకు, ఒడ్డేదో తెలవని బతుకు.'

కృష్ణా తీరం నుంచి వచ్చిన షెడ్డు గుమాస్తా శంకరరావు ఆగి, ఎవరి పాటని అడిగాడు. శ్రీకాకుళం వాళ్ల నోట 'ఏటి' అంటే 'ఏమిటి' అని. అతని చెవికి అది ఏరు. కనకానికి ఆ సందు దొరికింది. అర్పా ఏటి మీద పడవవాళ్ల పాటని చెప్పింది. అతడు నమ్మి వెళ్లిపోయాడు.

అబద్ధం క్వార్టరును కాపాడింది. కానీ దాన్ని పిల్లలూ విన్నారు.

"అచ్ఛా, బంగార్రాజు మావ పడవోడా అత్తా?" అంది పొరుగింటి అసిరమ్మ కూతురు. "పడవ నడిపితే పోలీసులెందుకు అట్టుకెళ్లినారు?"

కనకానికి అప్పుడు తెలిసింది. సర్కారు అతన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టింది. తాను పాటలోంచి వెళ్లగొట్టింది.

పిల్లలకు నిజం చెప్పాలా వద్దా అని కొళాయి దగ్గర పెద్ద వాదమే జరిగింది. డ్యూటీలోంచి తన పేరు కొట్టేస్తే పిల్లల్నెలా పెంచుతావని ఎర్రయ్య భార్యను నిలదీశాడు. అదే వీధిలో ఉండే, అతనికి వదిన వరసైన మంగాయమ్మ బిందె దించింది.

"సమ్మెలో మీసాలు దువ్వినావు, పాటకి జడుస్తన్నావేటి మరిదీ? ఒక్కలు పాడితే ఒక్క క్వార్టరు పోద్ది. ఈది ఈదంతా పాడితే దొర ఇంజన్లకి బొగ్గెవుడేస్తాడు?"

మర్నాడు కనకం బంగార్రాజు ఎవరో, ఏ పాటకు ఊరు విడిచాడో పిల్లలకు దాచకుండా చెప్పింది. శంకరరావు మళ్లీ వచ్చి, పడవవాళ్ల పాటన్నావే అన్నాడు.

"అబద్దం సెప్పినాను బాబూ. ఇది బంగార్రాజు పాట."

ఆ మరుసటి పొద్దున ఫోర్మన్ మనుషులు ఆమె గిన్నెలు వీధిలోకి విసిరారు. ఎర్రయ్య తల వంచుకుని నిలబడ్డాడు. అసిరమ్మ వచ్చి అన్నం కుండ తన పొయ్యి మీదికి తీసుకుపోయింది. మంగాయమ్మ తన వరండాలో చాప పరిచి పిల్లల్ని కూర్చోబెట్టింది. ఒక వరండాలో మొదలైన పాటను పక్క వరండా అందుకుంది.

షెడ్డు కూత వేసింది. వీధిలో ఒక్కడూ డ్యూటీకని అన్నం క్యారేజీ అందుకోలేదు.

ఎర్రయ్య వెళ్లి పిల్లల పక్కన చాప మీద కూర్చున్నాడు.

"ఆ పాట నాకూ నేర్పండి," అన్నాడు.