ఎడమచేతి సాయం

ఏటి నీళ్ళు ఆస్పత్రి ఏడో మెట్టు దాకా వచ్చిన ఏడాది అది. నీళ్ళు తీశాక వాడలో ప్రతి గుమ్మం ముందూ పరుపులు ఆరేవి. దర్జీ కోడలి కుట్టు మిషను మూడు రోజులు బురదలో నాని, చక్రం తిప్పినా కదలనంతగా బిగుసుకుపోయింది.

అదీ సరిగ్గా ఆమెకు ఆస్పత్రి గౌన్ల పని దొరికిన వారమే. కాంట్రాక్టరమ్మ ముందుగా ఇరవై గౌన్ల గుడ్డ ఇచ్చింది. సోమవారానికి కుట్టి చూపించాలి. కుట్టు నచ్చితే ఏడాది పొడుగునా పని. లేదంటే ఆ గుడ్డ ఇంకో ఇంటికి పోతుంది.

"ఒక్కరోజు ఆలస్యమైనా మళ్ళీ నా మొహం చూడనని చెప్పింది మావయ్యా," అంది కోడలు.

"ఊ," అన్నాడు దర్జీ. ఆయన ఊ అన్నాడంటే విన్నాడని అర్థం. అంతకు మించి ఏమీ కాదు.

బజారు చివర ఆయనకో చిన్న కొట్టు, అందులో ఆయన మిషను ఉన్నాయి. దాని మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. కొడుకు లారీ మీద పోతే పది రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు. అందుకని ఫోనులో వెతుక్కునే పని కోడలిదే అయింది. ఒక ప్రకటన దొరికింది. "ఇంట్లో ఆడవాళ్ళు వాడిన మిషను. వరద నీళ్ళు తగల్లేదు. కుట్టి చూసుకునే తీసుకెళ్ళండి," అని ఉంది.

"కుట్టి చూసుకోమంటున్నాడంటే మోసం ఉండదేమో. నేను వెళ్ళి తెస్తాను."

"నువ్వు రంగు చూస్తావు. నేను వెళ్తా," అన్నాడు దర్జీ.

టైర్ల కొట్టు పైన గది. అందులో ఏడు మిషన్లు వరసగా, నూనె రాసుకున్న తలకాయల్లా మెరుస్తున్నాయి. అమ్మేవాడికి నలభై ఏళ్ళుంటాయి. మాట తీపి.

"రండి మాస్టారూ. కూర్చునే తీరులోనే తెలుస్తోంది, పనితనం ఉన్న చెయ్యి. మీరు కుడుతూ ఉండండి, నేనొక చిన్న వీడియో తీసుకుంటా. మీకూ నాకూ అదే రసీదు."

దర్జీ సంచిలోంచి పాత దుప్పటి ముక్క తీసి కుట్టాడు. కుట్టు గీత గీసినట్టు వచ్చింది. డబ్బులిచ్చి, మిషను ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాడు.

కోడలు గౌను గుడ్డ పెట్టి తొక్కింది. సూది ఉన్నచోటే పొడిచింది. దారం ఉండకట్టింది.

"బట్ట నడవట్లేదు మావయ్యా."

ఆయన కూర్చున్నాడు. నడిచింది. ఆమె కూర్చుంది. నడవలేదు.

"నా మీద దీనికేమైనా పగా?" అని, ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, ఆయన కుడుతుంటే కాసేపు చూసింది. "మీ ఎడమచెయ్యి ఏం చేస్తోంది మావయ్యా?"

దర్జీ తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. సూది వెనక రెండు వేళ్ళు బట్టను పట్టి, కుట్టుకో పిసరు లాగుతున్నాయి. ఆయన పని నేర్చుకున్న కొట్లో మిషనుకు బట్టను తోసే పళ్ళు అరిగిపోయి ఉండేవి. ఆరేళ్ళు దాని మీదే కుట్టాడు. అప్పటినుంచీ ఏ మిషను ముందు కూర్చున్నా ఆ వేళ్ళు వాటంతటవే వెనక్కి పోతాయి. అడిగేవాళ్ళు లేక ఆయనకే తెలియదు.

ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని తొక్కాడు. బట్ట కదల్లేదు. మిషను వెనక్కి వాల్చి చూస్తే, కొత్త రంగు కింద లోపలి చక్రాల సందుల్లో ఎండిన బురద. పళ్ళను కదిపే కడ్డీ తుప్పు పట్టి ఊగుతోంది.

"అనుభవం ఉందని మీరు వెళ్తే ఆ అనుభవమే కొంప ముంచింది," అంది కోడలు. మిషను దగ్గరికి జరిగి, "ఆ లాగడమేదో నాకూ నేర్పండి," అంది.

"ఆరేళ్ళు పడుతుంది. అప్పటిదాకా ఒక కుట్టు పొడుగు, ఒక కుట్టు పొట్టి."

శనివారం దర్జీ మళ్ళీ ఆ మెట్లెక్కాడు.

"మీరే కుట్టారుగా మాస్టారూ," అని అమ్మేవాడు ఫోను చూపించాడు. ప్రకటన కింద వీడియోలో ఆయన మొహం, కుడుతున్న చేతులు. "నలభై ఏళ్ళ అనుభవమున్న దర్జీ మెచ్చిన మిషన్లు," అని రాసుంది.

"అది తీసెయ్. నా డబ్బులియ్."

అమ్మేవాడు తలుపు దగ్గరగా వేశాడు. "కోపమెందుకు? ఆ మూలది చూడండి. నిజంగా నీళ్ళు తగలని మిషను. ఊరికే తీసుకెళ్ళండి. వీడియో మాత్రం ఉండనివ్వండి. నెలకోసారి వచ్చి రెండు కుట్లు వేసి పొండి, చాలు."

దర్జీ మూల మిషను ముందు కూర్చుని, ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని తొక్కాడు. బట్ట దానంతటదే పరుగెత్తింది. దీని మీద ఇరవై గౌన్లు ఒకటిన్నర రోజు పని. ఆయన లేవకుండా చక్రం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

అంతలో తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది.

"వీడియోలో కుట్టింది మీరే కదండీ? మీరు మెచ్చారని చూసే వచ్చాను."

"ఆయనే. ఎదురుగా ఉన్నారు, అడగండి," అన్నాడు అమ్మేవాడు.

దర్జీ లేచి, వరసలో ముందున్న మిషను చూపించాడు. "నువ్వే కూర్చో అమ్మా. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకో."

ఆమె తొక్కింది. సూది ఒకేచోట పొడిచింది. ఆయన కూర్చుని కుట్టి, ఆ రెండు వేళ్ళూ ఎత్తి చూపించాడు.

"కుట్టింది ఇవి. మిషను కాదు."

ఆవిడ సంచి భుజానికి తగిలించుకుని దిగి వెళ్ళిపోయింది.

"నోటిదాకా వచ్చింది జారవిడుచుకున్నారు పెద్దాయనా," అన్నాడు అమ్మేవాడు. మూల మిషను మీద ముసుగు కప్పేశాడు.

ఆ వచ్చినావిడ తను చూసింది చూసినట్టు ప్రకటన కింద రాసింది. సాయంత్రానికి ప్రకటన లేదు. డబ్బులూ రాలేదు.

జరిగింది కోడలికి నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"మంచి మిషను ఊరికే ఇస్తానంటే వదిలేసి వచ్చారా?" అంది ఆమె. మళ్ళీ తనే, "ఆవిడ స్థానంలో నేనున్నా అంతే చెప్పేవారు లెండి," అంది. తరవాత గుడ్డ మడతలు లెక్కపెట్టింది. "కాంట్రాక్టరమ్మకి ఏం చెప్పను?"

"ఊ."

మర్నాడు తెల్లవారుతూనే దర్జీ కొట్టు తెరిచి, తన మిషను దుప్పట్లో చుట్టి, తోపుడుబండి మీద ఇంటికి తెచ్చాడు. కిటికీ పక్కన దించి, నూనె వేసి, దారం ఎక్కించాడు.

"మీ మిషను నాకెందుకు మావయ్యా? మరి మీరో?"

"ఆ కొన్నది నా చేతికి కుడుతుంది. కూర్చో," అన్నాడు.

ఆమె తొక్కడం మొదలుపెట్టాక, టైర్ల కొట్టు పైన కొన్న ఆ మిషను బండి మీదికి ఎక్కించి, కొట్టుకు తోసుకుపోయాడు.