ఓడలో మనుషులు

సముద్రం అవతలి దీవుల్లో, డిగ్నాబాద్ పేటలో ఎవరికి బొమ్మ కావాలన్నా అసిరయ్య దగ్గరికే వచ్చేవారు. కొత్త పడవ ముక్కుకి కళ్లు దిద్దాలన్నా, గంగమ్మ పండగకి బొమ్మల పలక కట్టాలన్నా అతనే. విరిగిన పడవ చెక్కకి రంగు పూసి, దాని మీద చిరిగిన వల, రేకు ముక్కలు, గవ్వలు అతికించి, చూసేవాడి కాళ్లు తడిసినట్టుండే సముద్రం చేసేవాడు. వేట నుంచి వచ్చాక తలుపేసుకుని అదే పని. పూర్తయ్యేదాకా పెళ్లాం కామమ్మకి కూడా చూపించేవాడు కాదు.

ఆ ఏడు తెలుగు సంఘం వాళ్లు హాలు కట్టారు. గుమ్మానికి ఎదురుగా పెద్ద గోడ. మనవాళ్లని ఈ దీవులకి తెచ్చిన ఓడ బొమ్మ ఆ గోడకి పెట్టాలని సంఘం పెద్ద గవరయ్య అన్నాడు. ఆ గోడ తనదేనని అసిరయ్య అప్పుడే అనుకున్నాడు. కాని గవరయ్య మాట అక్కడితో ఆగలేదు.

"డైరీ ఫార్మ్ పేటలో పేమావతి దీదీ వోళ్లు కూడా ఒకటి చేస్తన్నారంట. రెండూ సూసి, బాగున్నది పెడదాం."

"ఆళ్లెవుళు?"

"ఆదివారం పార్థన అయినాక ఆ కుట్టుమిషను దీదీ వరండాలో కూకుంటారు గదా, ఆళ్లు. చర్చి వోళ్లూ, మనోళ్లూ కలిసే."

"అంతమంది చెయ్యెడితే అది బొమ్మవుద్దేటి? పులుసవుద్ది."

గవరయ్య పడీ పడీ నవ్వాడు. అసిరయ్య నవ్వలేదు.

ఆ ఆదివారం కామమ్మ పాత వల ఒకటి చుట్టి చంకన పెట్టుకుని బయలుదేరింది.

"ఆ వల ఎక్కడికి?"

"పేమావతి దగ్గిరికి. ఓడ దిగడానికి తాళ్ల నిచ్చెన అల్లమంది."

"నాకెప్పుడైనా అల్లినావా?"

"నువ్వెప్పుడైనా అడిగినావా?" అని ఆవిడ చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆ మాట అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. చేపలిచ్చే వంకతో బుట్ట పట్టుకుని వెనకే వెళ్లాడు. వరండా నిండా జనం. హార్బరులో పనిచేసిన ముసలి యిర్మియా టీ డబ్బా రేకు కత్తిరిస్తున్నాడు. వెలుతురు పడే మూలన కూర్చుని దయావతి జిగురు కలుపుతోంది. పొయ్యి మీద పెద్ద కుండ. అందులో, బొమ్మలో నీళ్ల అంచున అతికించడానికి తెచ్చిన గుల్లలు ఉడుకుతున్నాయి.

అసిరయ్య ముందు వాళ్ల సముద్రం చూశాడు. నీలం చీర ముక్క ఒకటి పలక మీద చదునుగా పరిచారు, అంతే. మనసు కుదుటపడింది. తరవాత ఓడ చూశాడు. అక్కడ కన్ను నిలబడిపోయింది. డెక్కు మీద గుడ్డపీలికలతో చేసిన మనుషులు. ఒకావిడ కోడిని కొంగులో దాచుకుంది. ఒకడు రైలింగు మీద వాలి కక్కుతున్నాడు.

"ఆ కక్కేది మా నాన్నే," అంది ప్రేమావతి. "ఓడ దిగేదాకా అదే పని ఆయనకి. చూడు భయ్యా, బరాబర్ ఉన్నాడు కదా?"

అసిరయ్య కుండలోకి చూశాడు. గుల్లల్ని ఉడకబెట్టకూడదు. ఉడికితే మాంసం చాలామట్టుకు జారిపోతుంది గాని, మెలిక చివర కొంచెం ఇరుక్కుని అక్కడే కుళ్లుతుంది. పులుసుకైతే సరే, బొమ్మకి పనికిరాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు. ఇంటికెళ్లి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

తిన్నాక తన పలక ముందు కూర్చుంటే మాత్రం ఆ కక్కేవాడే కళ్లలో మెదిలాడు. కామమ్మ తలుపు తోసుకుని వచ్చేసింది.

"ఓడుంది. మనుషులేరీ? మనం ఈదుకుంటా వొచ్చినామేటి?"

తిట్టి పంపేశాడు. తరవాత రేకుతో మనుషుల్ని కత్తిరించి చూశాడు. గోడకి కొట్టిన మేకుల్లా వచ్చారు. అన్నీ పీకి పారేశాడు.

మళ్లీ ఆదివారం వెళ్లేసరికి రోడ్డు మీదకే కంపు తగిలింది. అసిరయ్య అడుగు తేలికపడింది. ఏడుస్తూ ఉంటారనుకున్నాడు. వాళ్లేమో ముక్కులకి గుడ్డలు కట్టుకుని గుల్లలు పీకుతూ విరగబడి నవ్వుతున్నారు.

"ఇప్పుడు అసలైన ఓడలాగుంది!" అంటున్నాడు యిర్మియా. "అప్పుడు కూడా కింద డెక్కులో ఇదే కంపు!"

అందరికంటే గట్టిగా నవ్వేది కామమ్మ. ఇంట్లో ఆవిడ అలా నవ్వగా అతనెన్నడూ వినలేదు. ఇదే తన పలకైతే గొడ్డలితో నరికి, అన్నం మానేసి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. వాళ్ల బొమ్మ బాగున్నప్పుడు కూడా ఇంత మండలేదు కడుపు.

ప్రేమావతి లేచి వచ్చింది. "భయ్యా, పోయినవారం కుండ దగ్గర నీ మొహం చూశాను. నీకు తెలుసు కదా?"

"తెల్సు."

"మరి బోల్నా థా నా! చెప్పాల్సింది కదా!"

"అడిగినారా?"

నవ్వు ఆగిపోయింది. కామమ్మ తల దించుకుంది. ప్రేమావతికి కోపం రాలేదు. గుల్లల బుట్ట తెచ్చి అతని ముందు పెట్టింది. "ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పు."

"ఇసకలో పాతిపెట్టాల. లోపలి మాంసం చీమలు తినేస్తాయి. తొందరగా అవ్వదు."

వచ్చే ఆదివారమే హాలు తెరుస్తారు. గుల్లలు పీకిన చోటల్లా నీలం గుడ్డ చిరిగి చెక్క కనిపిస్తోంది. ఇక వీళ్లది అప్పటికి పూర్తవదు. గోడ తనదే. అసిరయ్య లేచి ఇంటికొచ్చేశాడు.

వచ్చి తన ఓడ చూశాడు. నీళ్లు నురగలు కక్కుతున్నాయి. మధ్యలో ఓడ, ఎవరూ లేని ఇల్లులా ఉంది. ఆ గోడ మీద దీన్ని పెడితే వచ్చినవాళ్లంతా కామమ్మ మాటే అంటారు. చాలాసేపు బీడీ తాగాడు. తరవాత పలక నెత్తికెత్తుకుని డైరీ ఫార్మ్ దారి పట్టాడు.

వరండాలో దాన్ని దించి, "మీ మనుషుల్ని ఇందులోకి ఎక్కించీండి," అన్నాడు. "నీళ్లు మాత్రం ముట్టుకుంటే ఒప్పను."

"అచ్ఛా, కెప్టెన్ సాబ్," అన్నాడు యిర్మియా.

ఆ వారమంతా వరండాలోనే. గుడ్డమనుషుల్ని ఒక్కొక్కరినే ఊడదీసి ఎక్కించారు. కామమ్మ నిచ్చెన వేలాడదీసింది. ఓడలో తను కట్టుకొచ్చిన చీర అంచు కత్తిరించి తనని కూడా చేసుకుంది. పక్కన అసిరయ్యని పెట్టింది, మూతి ముడుచుకుని ఉన్నట్టు. అది చూసి అందరూ నవ్వారు. అతను పలక అవతలికి వెళ్లి కెరటాలు సరిచేసుకున్నాడు.

హాలు తెరిచినరోజు జనం గోడ దగ్గర ఎగబడ్డారు. కోడిని చూశారు, కక్కేవాడిని చూశారు, ఇది మా అత్త, వాడు మా బావ అని వేలు పెట్టి చూపించుకున్నారు. నీళ్లు ఎవరూ చూడలేదు. అసిరయ్య గోడ పక్కనే నిలబడి వచ్చినవాడికల్లా చెప్పాడు.

"నీళ్లు సూసినావా? ఆ నీళ్లు సూడు."

"ఎవరు చేశారు?" అని ఎవరో అడిగారు.

"మేమే," అంది కామమ్మ.

ఆ మాట అసిరయ్యకి చేపముల్లులా గుచ్చుకుంది.

తరవాతి ఆదివారం వరండాలోకి అందరికంటే ముందు అతనే వచ్చాడు. ప్రార్థన ఇంకా అవలేదు. వెలుతురు బాగా పడే మూల ఒకటుంది. అక్కడ దయావతి కూర్చోకముందే తన రంగుడబ్బాలు పరిచి, గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు.