కాల్చడానికి కట్టిన ఇల్లు

మధ్యాహ్నం భోజనాల వ్యానులోంచి బియ్యం బస్తాల వెనక ఒక గుమ్మడికాయ దిగింది. దాన్ని చూడగానే మంగీలాల్‌కు అన్నం సహించలేదు. సినిమా వాళ్లు గుమ్మడికాయ కొట్టారంటే షూటింగు అయిపోయినట్టే. ఆ మర్నాటి నుంచి మేనేజర్లు ఫోనెత్తరు, ఎదురుపడినా ఎవరు నువ్వన్నట్టు చూస్తారు. ఇంకో వారం పని ఉందని పొద్దున కూడా చెప్పిన పెద్దమనుషులు కాయను మాత్రం ముందే తెప్పించుకున్నారు.

మంగీలాల్ సెట్లు కట్టే మేస్త్రి. ఏ కంపెనీకీ పర్మినెంటు కాదు, పిలిచిన సినిమాకల్లా పోతాడు. ఈసారి షూటింగు సారపాక దాటాక అడవిలో పడింది. మన ప్రాంతమే కదా అని మురిసిపోయి తన తండా వాళ్లనే కూలికి తెచ్చాడు. వెదురు కొట్టి, గడ్డి కప్పి వాళ్లు కట్టిన ఇల్లు నిజం ఇంటికన్నా బాగుంది. నెల దాటినా ఒక్కరికీ కూలి అందలేదు. వాళ్లు అడిగేది కంపెనీని కాదు, మంగీలాల్‌ను. ఆ డబ్బు రాకపోతే అతను తండాలో తలెత్తుకుని తిరగలేడు.

ఇక మిగిలింది ఒక్క షాటు. ఆ ఇల్లు తగలబడాలి.

హైదరాబాదులో యూనియన్ ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"గుమ్మడికాయ కొట్టకముందైతే షూటింగు ఆపిస్తం. కొట్టినంక కంప్లైంటు పెట్టి ఏండ్లకేండ్లు తిరుగుడే. రేపు పొద్దున మనిషిని పంపుతం. అప్పటిదాంక ఇల్లు కాలనియ్యకు," అన్నారు.

మంగీలాల్ పోయి ఆ ఇంట్లోనే కూర్చుని లోపల గడియ పెట్టుకున్నాడు. గోడలకు పూసిన రబ్బరు సొల్యూషన్ కంపు ముక్కుల్లో మండింది. తొందరగా అంటుకోవాలని దగ్గరుండి పూయించింది తనే. ఒక్క అగ్గిపుల్ల చాలు. భయమేసింది, దాచేదేముంది.

అందరూ వచ్చి అరుస్తారనుకున్నాడు. ఎవరూ అరవలేదు. అదే అతనికి నచ్చలేదు. ప్రొడక్షన్ మేనేజరు వెంకటేశ్వరరావు వాకిట్లో కుర్చీ వేయించుకుని తీరిగ్గా టీ తాగాడు.

"మంగీలాలూ, నీకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడే రావయ్యా," అని లేచి వెళ్లిపోయాడు.

లైట్లు ఒక్కొక్కటే ఇంటి వైపు తిరిగాయి. ఎవరో నీళ్ల ట్యాంకరును దూరంగా జరిపారు.

కాసేపటికి తడిక సందులోంచి తెలిసిన కాళ్లు కనిపించాయి. తండా వాళ్లు. ముందు నిలబడింది వదిన సరళ.

"మంగీ, తలుపు తియ్యి. షాటు అయితే మా పైసలు మా చేతికొస్తయని సారు ఒట్టేసిండు."

"అబద్ధం వదినా. ఇల్లు కాలితే మనల్ని అడిగేటోడు ఉండడు. రేపు పొద్దుదాంక ఓపిక పట్టున్రి."

"నెల సంది పట్టినం గదా. కిరాణం కొట్టోడు ఉద్దెర బందువెట్టిండు. మా నోటికాడి కూడు నువ్వే ఆపుతున్నవ్."

ఆ మాటకు మంగీలాల్ గుండె చెరువైంది. అయినా గడియ తీయలేదు. కానీ ఆ గోడలు కట్టింది వాళ్లే. వెనక తడిక కట్లు విప్పి లోపలికొచ్చారు. దెబ్బ తగలకుండా, చంటిపిల్లాడిని ఎత్తుకున్నట్టు బయటికి మోసుకొచ్చి నీళ్లు తాగించారు. షాటు చెడకూడదని తడికను మళ్లీ బిగించారు కూడా.

ఇల్లు భగ్గున మండి బూడిదైంది. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. గుమ్మడికాయ పగిలింది. వ్యాన్లన్నీ భద్రాచలం రోడ్డెక్కుతుంటే సరళ మేనేజరు కారుకు అడ్డం నిలబడింది.

"సారూ, మా పైసలు?"

వెంకటేశ్వరరావు అద్దం దించాడు.

"అదేంటమ్మా? మీ చేతికి రావాలనే కదా ఆయన్ని బయటికి తెప్పించింది. మీ అందరి డబ్బూ పొద్దున్నే మీ మేస్త్రికి ఇచ్చేశాం. మరి లోపల గడియెందుకు పెట్టుకున్నాడనుకున్నారు?"

కారు పోయింది. దుమ్ము అణిగింది. తర్వాత అందరి మొహాలూ మంగీలాల్ వైపు తిరిగాయి.

"వదినా, నీమీదొట్టు, నాకొక్క రూపాయి ఇయ్యలే."

సరళ దగ్గరికొచ్చింది. మిగతావాళ్లు మెల్లగా చుట్టూ చేరారు.

"గందుకేనా మంగీ," అంది, "అంతగనం పిలిచినా తలుపు తియ్యకపోతివి?"