ఎక్కడ లేస్తే అక్కడే సున్నా

జనవరి పంతొమ్మిదిన మౌలాలి గ్రౌండ్‌లో సర్వపిండి తిన్నాం, నవతా నేనూ. మా పై పోర్షన్‌లో అద్దెకుండే నవత, హరికిషన్ ఫొటో స్టూడియో తరఫున పెళ్లిళ్లలో డ్రోన్ ఎగరేస్తుంది. డ్రోన్‌కి తగిలిస్తే వధూవరుల మీద పూలు కురిపించే డబ్బా కావాలంటే చేసిచ్చాను. రిటైరైన ఎలక్ట్రానిక్స్ లెక్చరర్‌కు వేరే పనేముంది?

డబ్బాలో అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు. డ్రోన్ తన ఎత్తెంతో క్షణక్షణం చెప్పుకుంటూ ఉంటుంది. రెండు వైర్లతో మా బోర్డు అది వింటుంది. పైకెళ్లి, తిరిగి నాలుగు మీటర్లకు దిగిందని వినగానే డబ్బా మూత తెరుస్తుంది. ఆ రోజు గ్రౌండ్‌లో పరీక్షకు ఎగరేస్తే పూలన్నీ నా బట్టతల మీదే పడ్డాయి.

"పెండ్లికొడుకు లెక్కనే ఉన్నరు అంకుల్!"

నా భార్య విమల పోయాక నన్నెవరూ అలా ఏడిపించలేదు.

"డ్రోన్ ఎక్కడ లేస్తే అక్కడే దానికి సున్నా. నేల మీంచే ఎగరెయ్యి," అని చెప్పాను.

ఫిబ్రవరిలో సీతాఫల్‌మండిలో పెళ్లి. కింద జనం ఎక్కువని ఫంక్షన్ హాల్ డాబా మీంచి ఎగరెయ్యమన్నాడు స్టూడియో ఓనర్ హరికిషన్. నవత వద్దంది. "నాకే చెప్తవా?" అన్నాడట. డ్రోన్ పైకెళ్లి దిగుతూ డాబాకి నాలుగు మీటర్ల ఎత్తులో ఉండగానే మూత తెరుచుకుంది. అంత పైనుంచి గాలికి కొట్టుకుపోయిన గులాబీ రేకులు వెనకాల బగారన్నం డేగిసాల్లో పడ్డాయి. పెళ్లికూతురు తలెత్తి ఖాళీ ఆకాశాన్ని చూస్తూ ఉండిపోయింది.

నవతను పనిలోంచి తీసేశారు.

నేను స్టూడియోకి వెళ్లాను. బోర్డు విన్న ఎత్తులన్నీ లాప్‌టాప్‌లో చూపించబోయాను.

"తెలుసు సార్," అన్నాడు హరికిషన్, చాయ్ నా ముందుకు జరుపుతూ. "డాబా నేనే చెప్పిన. గామాట పెండ్లోళ్లకు చెప్తనా? ఎవర్నో ఒకర్ని తీసేసినమనాలె గద."

డబ్బాలోంచి బోర్డు విప్పి జేబులో వేసుకున్నాను.

"గిసొంటివి మస్తు దొరుకుతయి సార్," అన్నాడు. బోర్డుల గురించా, అమ్మాయిల గురించా అని నేనడగలేదు.

చాయ్‌లో చక్కెర లేదు. నాకు షుగరని గుర్తుంచుకున్నాడు. అందుకే మిగతాది అక్కడే వదిలేసి లేచాను.

మెట్టుగూడలో ఇల్లు చేరేసరికి చీకటి పడింది. నవత మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఏమన్నడు అంకుల్?"

"తెలుసన్నాడు."

"తెల్వక తీసేసిండనుకున్న," అంది.

లేచి పైకి వెళ్లింది. విమల చివరి నెలల్లో, ఆమెకు నిద్ర చెదరకూడదని చప్పుడు లేకుండా తలుపు వేయడం అలవాటు చేసుకుంది నవత. ఈ ఒక్క రాత్రైనా ధడేలున వేస్తే బాగుండుననిపించి, కింద నిలబడి విన్నాను.

ఎప్పటిలాగే, గొళ్లెం పట్టుకుని మెల్లగా వేసుకుంది.