తొమ్మిది చుట్లు

ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలైనా నీళ్ళన్నకి పొద్దున ఐదున్నరకల్లా మెలకువ వచ్చేస్తుంది. లేచి చేసే ఘనకార్యం ఏమీ లేదు. అయినా లేస్తాడు. ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీలో కూచుని, వీధిలో బావమరిది సైకిలు వెళ్ళే చప్పుడు వింటాడు. సైకిలుకి కట్టిన ఇనపకడ్డీ గతుకు దగ్గర టంగుమంటుంది. అది విన్నాక ఏ వీధిలో ఎప్పుడు నీళ్ళు పడతాయో చెప్పడానికి ఆయనకి గడియారం అక్కర్లేదు.

"పింఛను తీసుకునే మనిషి, హాయిగా పడుకోవచ్చుగా?" అంటుంది భార్య లోపలి నుంచి.

"పడుకునే ఉన్నాలేవే," అంటాడు కూచునే.

ఇరవై ఆరేళ్ళు ఆ వార్డుకి నీళ్ళు వదిలింది ఆయనే. చూసేవాళ్ళకి అదేమంత పని కాదు. రోడ్డు మీద ఇనపమూత ఎత్తాలి, గుంతలోకి బారెడు కడ్డీ దించాలి, వాల్వు తిప్పాలి. మూడు వీధులు, మూడు గుంతలు. ఒక్కో వాల్వు పూర్తిగా తెరుచుకోవాలంటే పద్నాలుగు చుట్లు తిప్పాలి. పై వీధికి పద్నాలుగు తిప్పేవాడు. తనుండే నడిమి వీధికీ పద్నాలుగే. కింది వీధికి మాత్రం తొమ్మిది.

కావాలని చేసిన పని కాదు, చిక్కంతా అక్కడే ఉంది. పదకొండేళ్ళ కిందట పై వీధిలో పైపులు మారుస్తుంటే అప్పటి ఇంజినీరు, "ఓ నెల్లాళ్ళు కిందికి తొమ్మిదే తిప్పవయ్యా, పైకి నీళ్ళెక్కడం లేదు" అన్నాడు. నెల్లాళ్ళయింది. ఇంజినీరు బదిలీ అయిపోయాడు. మళ్ళీ పద్నాలుగు తిప్పమని చెప్పే నాథుడు లేడు, ఈయన పోయి అడిగిందీ లేదు. ఆర్నెల్లు పోయాక ఒకనాడు గుర్తొచ్చి, పదో చుట్టు తిప్పబోయి ఆగిపోయాడు. ఇప్పుడు ఉన్నట్టుండి ధారగా నీళ్ళు పడితే, "మరి ఇన్నాళ్ళూ ఏమైంది?" అని అడగరూ? రేపు చూద్దాంలే అనుకుని కడ్డీ పైకి లాగేశాడు. ఆ రేపు పదకొండేళ్ళు సాగింది. తన ఉద్యోగం బావమరిదికి వచ్చినప్పుడు కూడా, "పైకి పద్నాలుగు, మధ్యకి పద్నాలుగు, కిందికి తొమ్మిది" అనే నేర్పాడు. ఎందుకు బావా అని అతను అడగలేదు. నలభై ఆరేళ్ళ జీవితంలో అతను ఎవర్నీ ఏదీ అడిగి ఎరగడు.

కింది వీధి వాళ్ళు పాపం, తమ పైపు పాతదనుకున్నారు. సన్నటి ధార, రెండు బకెట్లు నిండేసరికి కట్టేసే వేళ. మిగతావి నడిమి వీధి నుంచి మోసుకోవడమే. అయినా నీళ్ళన్నంటే వాళ్ళకి ప్రాణం. "పైపులో లేనిది ఆయన మాత్రం ఎక్కణ్ణించి తెస్తాడు!" అని ఆయన వినేటట్టే అనేవాళ్ళు.

వార్డు ఎన్నికల కబురు వచ్చిన వారానికి మిషనమ్మ వచ్చింది. కింది వీధి మొదట్లో బట్టలు కుట్టుకునే ఆవిడ. వెంట ఇంకో నలుగురు ఆడవాళ్ళు, చేతిలో నామినేషను కాయితం.

"అన్నా, మెంబరు గారికి పదేళ్ళుగా చెప్పి చెప్పి మా నోళ్ళు నొప్పిపుట్టాయి. చూద్దాం అంటాడు, కళ్ళు మూసుకుంటాడు. నీళ్ళ సంగతి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? నువ్వు నిలబడు."

"నాకెందుకమ్మా ఈ రాజకీయాలు."

"నిన్ను పార్టీలో చేరమన్నామా ఏంటి? ఇండిపెండెంటుగానే నిలబడు. మిగతాది మేం చూసుకుంటాం."

రెండ్రోజులు ఆలోచించాడు. మంచి మనసుతో ఆలోచించాడంటే నేను ఒప్పుకోను. గెలిస్తే "కొత్త పైపు వేయించా" అని చెప్పి బావమరిది చేత గుట్టుగా పద్నాలుగూ తిప్పించెయ్యొచ్చు. ఎవరూ ఏమీ అడగరు, పైగా దండ కూడా వేస్తారు. అదీ ఆయన ఆలోచన. మూడో రోజు సరేనన్నాడు.

నామినేషనుకి పది సంతకాలు కావాలి. పదీ కింది వీధివే, మొదటిది మిషనమ్మది. ఆఫీసులో గుమాస్తా గుర్తుల జాబితా ముందుకి తోశాడు. కొళాయి గుర్తు అప్పటికే ఎవరో పట్టుకుపోయారు.

"దువ్వెన, గొడుగు, బకెట్టు ఉన్నాయి. తొందరగా చెప్పండి."

"బకెట్టే రాయండి!" అంది మిషనమ్మ, నీళ్ళన్న నోరు తెరిచేలోపే. ఆయన చూపు దువ్వెన, గొడుగు మీదే ఉండిపోయింది.

ఆదివారం పోస్టర్లు అంటించారు. మిషనమ్మ ఊరికే కుట్టిచ్చిన తెల్లచొక్కాలో నీళ్ళన్న ఫొటో, పక్కన బకెట్టు, కింద "కింది వీధికి నిండుగా నీళ్ళు" అని ఎర్రక్షరాలు. పై వీధిలో, నడిమి వీధిలో బొమ్మలు బుద్ధిగా ఎదురు చూస్తూ నవ్వుతున్నాయి. కింది వీధిలో మాత్రం జిగురు ఆరేసరికి అన్నీ తలలు దించేసుకున్నాయి.

ఆ ఊళ్ళో పోస్టర్లు ఒక్కోసారి ఒక్కోలా ఉంటాయి. కిందటిసారి నిలబడ్డ మందుల షాపాయన బొమ్మలు ఎండెక్కగానే కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకునేవి. మెంబరు గారి బొమ్మలు వానలో చిరిగి వేలాడుతూ కూడా నవ్వడం మానలేదు. అందుకని ఎవరూ వింతపడలేదు.

"బావా, కిందంతా నువ్వు తల దించేసుకున్నావు. జిగురు పల్చనైందంటావా?" అన్నాడు బావమరిది, చేతులు తుడుచుకుంటూ.

ప్రెస్సాయనని అడిగితే, "నా ప్రింటుకి వంక పెట్టొద్దు. మీరిచ్చిన మొహమే వేశాను" అని గయ్యిమన్నాడు. చిక్కటి జిగురుతో మళ్ళీ అంటించారు. మళ్ళీ దించుకున్నాయి.

ఘోరమేమిటంటే, కింది వీధికి అది మహా నచ్చేసింది. "మెంబరు పోస్టరు చూడు, ఎలా ఇకిలిస్తోందో. మా అన్న బొమ్మ చూడు, ఎంత వినయమో!" అని పిల్లలకి చూపించి మరీ చెప్పారు. ప్రతి గుమ్మం ముందూ ఒక ఖాళీ బకెట్టు బోర్లించి పెట్టారు, ఆయన గుర్తు కదా. వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా బోర్లించిన బకెట్లు. ఆ బకెట్ల మధ్య నడిచి దండం పెట్టాలంటే నీళ్ళన్నకి కాళ్ళు సాగేవి కావు.

ఓట్లు ఇంకో నాలుగు రోజులున్నాయనగా, పొద్దున నీళ్ళు వదలకముందే మిషనమ్మ ఆయన్ని ఇల్లిల్లూ తిప్పింది. తిప్పి తిప్పి తన ఇంట్లో కూచోబెట్టి మంచినీళ్ళిచ్చింది. గ్లాసు ముప్పావు నింపింది. ఒక్కటే గది. కిటికీ దగ్గర కుట్టుమిషను, గోడవార ఏడు బిందెలు, వాటి మీద దుమ్ము పడకుండా కుట్టగా మిగిలిన గుడ్డముక్కలు. మెడలో టేపు సర్దుకుంటుంటే ఆయన మొదటిసారి గమనించాడు, ఆవిడ ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి ఉంది.

ఆయన చూపు చూసి ఆవిడ నవ్వేసింది. "మోసి మోసి అలా అయిందిలే అన్నా. నా జాకెట్టు నేనే కుట్టుకుంటా కాబట్టి సరిపోయింది. ఎడమవైపు అరంగుళం తగ్గించి కత్తిరిస్తా. పరాయి దర్జీకిస్తే పాడుచేస్తాడు. నువ్వు గెలువు, రెండు భుజాలకీ ఒకే కొలత పెట్టుకుంటా!"

నీళ్ళన్నకి తల కొట్టేసినట్టయింది. గ్లాసులో నీళ్ళు సగం తాగి, మిగతావి పారబొయ్యడానికి మనసొప్పక, అవీ తాగేసి బయటికొచ్చాడు. ఎదురుగా పిండిమర గోడ. గోడ మీద తన బొమ్మ. గోడకింద వాల్వు గుంత. అప్పుడర్థమైంది ఆయనకి. బొమ్మ ఊరికే తల దించుకోలేదు, గుంతలోకి చూస్తోంది. వీధి పొడుగునా ఉన్న బొమ్మలన్నీ తలలు దించి, కాస్త పక్కకి వాల్చి, ఈ గుంత వైపే చూస్తున్నాయి.

బావమరిది అక్కడే వంగి కడ్డీ తిప్పుతున్నాడు. "ఎనిమిదీ... తొమ్మిదీ." కడ్డీ పైకి లాగాడు.

"ఆగు. ఇటివ్వు."

"అయిపోయింది బావా. తొమ్మిదీ తిప్పేశా."

"ఇవ్వరా!"

కడ్డీ దించి పట్టు పట్టాడు. పదకొండేళ్ళుగా ఎవరూ కదపని చోటు, తుప్పు పట్టేసింది. రెండు కాళ్ళూ దన్నుపెట్టి, ఒళ్ళంతా బిగించి తోశాడు. కిర్రుమంది. పది. పదకొండు. పన్నెండుకి చెమట కళ్ళలోకి కారింది. పదమూడు. పద్నాలుగు.

రోడ్డు కింద ఏదో గురగురమంది. మరుక్షణం మొదటి ఇంట్లోంచి కేక, రెండో ఇంట్లోంచి కేక. "వచ్చిందే! పెద్దధార వచ్చిందే!" బోర్లించిన బకెట్లన్నీ లోపలికి పరిగెత్తాయి. పొంగిన నీళ్ళు గడపలు దాటి వీధిలోకి వచ్చాయి. మిషనమ్మ తడిసిన చీరతో పరిగెత్తుకొచ్చింది, వెనకే వీధంతా వచ్చింది.

"అన్నా! గెలవకముందే చేసి చూపించేశావే! ఏం మంత్రం వేశావు?"

నమ్మడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. "పైపులో అడ్డం తీశా" అంటే చాలు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. ఆయన గోడకేసి చూశాడు. బొమ్మ ఇంకా గుంతలోకే చూస్తోంది.

"అడ్డమేమీ లేదమ్మా," అన్నాడు. "పద్నాలుగు చుట్లు తిప్పాల్సిన వాల్వు ఇది. పదకొండేళ్ళుగా నేను తొమ్మిదే తిప్పాను. ఓ నెల్లాళ్ళకని చెప్పారు. ఆ తర్వాత... అడుగుతారని భయమేసి తిప్పలేదు. వీడికీ అదే నేర్పాను."

లోపల కొళాయిలు ధారగా కారుతూనే ఉన్నాయి, ఎవరూ కట్టడం లేదు.

"తిప్పితే సరిపోయేదా?" అంది మిషనమ్మ.

"సరిపోయేది."

"ఎన్ని చుట్లు?"

"ఐదు."

ఆవిడ తన అరచేతులకేసి చూసుకుంది. వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ వెనక ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని నీళ్ళన్న అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. చివరికి బావమరిదే సైకిలు మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాడు. సంగతి విన్న భార్య మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, "నాకైనా చెప్పలేకపోయారా?" అంది.

పోటీలోంచి తప్పుకుందామంటే గడువు దాటిపోయింది. ఓట్లు పడ్డాయి. మెంబరు గారు ఎప్పటిలాగే నవ్వుతూ గెలిచారు. కింది వీధి పోలింగు బూత్‌లో బకెట్టుకి వచ్చింది ఒకే ఒక్క ఓటు.

గెలిచినా ఓడినా వారంలోగా ఎవరి పోస్టర్లు వాళ్ళే తీసెయ్యాలని రూలు. గీకే రేకు, బకెట్టు పట్టుకుని కింది వీధికి వెళ్ళాడు. బావమరిది రెండోసారి పూసిన చిక్కటి జిగురు రాయిలా బిగుసుకుపోయింది, తడపందే ఊడదు. ఇంటి నుంచి తెచ్చిన నీళ్ళు ఎనిమిది పోస్టర్లకే అయిపోయాయి. ఖాళీ బకెట్టుతో ఎవరి గుమ్మం ముందు నిలబడాలో తెలియలేదు. ఈ వీధిలో నీళ్ళడగడానికి తనకేం మొహముంది? తిరిగి తిరిగి మిషనమ్మ గుమ్మం దగ్గరే ఆగాడు.

మిషను ఆగలేదు. "ఏం కావాలి?"

"ఓ బకెట్టు నీళ్ళు."

అప్పుడాగింది. ఆవిడ లేచి వచ్చి, ఆయన చేతిలో బకెట్టు లాక్కుని, కొళాయి కింద పెట్టింది. నిండిపోయింది. నిండాక కూడా కాసేపు అలాగే ఉంచింది, నీళ్ళు అంచు మీంచి పొర్లుతుంటే ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. తీసి గడప మీద పెట్టింది.

"ఆ ఒక్క ఓటు..." అన్నాడాయన.

"నాదే. అలా చూడకు, నిన్ను క్షమించి వేసింది కాదు. సంతకం పెట్టి నిలబెట్టాను, నా సంతకం కోసం వేసుకున్నాను." ఆవిడ కొళాయి కట్టేసి వచ్చింది. "చెప్పేసి నీ బరువు దింపుకున్నావు. బాగానే ఉంది. మరి నా భుజం సంగతి?"

ఆయన బకెట్టు ఎత్తుకున్నాడు. రెండడుగులు వేశాక వెనక నుంచి మళ్ళీ గొంతు వినిపించింది.

"పిండిమర గోడ మీదది తియ్యకు."

"రూలు ఒప్పుకోదమ్మా."

"రూలుకి నేను చెప్పుకుంటా. మీ బావమరిది అలవాటుకొద్దీ తొమ్మిది దగ్గరే ఆగుతున్నాడు. నిన్న కడ్డీ లాగేసి, తల పైకెత్తి, నీ బొమ్మ గుంతలోకే చూడ్డం చూసి, మళ్ళీ దించి ఐదూ తిప్పాడు. ఉండనీ దాన్ని."

అది ఉండిపోయింది. ఎండకి చొక్కా తెలుపు పోయింది, ఎర్రక్షరాలు పోయాయి. బావమరిది రోజూ తొమ్మిది దగ్గర ఆగుతాడు, పైకి చూస్తాడు, మిగతా ఐదూ తిప్పుతాడు. నీళ్ళన్న మాత్రం ఆ దారి మానేశాడు. బజారుకి వెళ్ళాలన్నా చుట్టు తిరిగి వెళ్ళేవాడు. పొద్దున్నే కిటికీ పక్కన కూచుని, కడ్డీ టంగుమన్నాక, పద్నాలుగు లెక్కపెట్టి గానీ లేచేవాడు కాదు.

రెండేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం భార్య కుట్టించిన బట్టలు తెచ్చుకుని, సంచీ దించుతూ అంది.

"మిషనమ్మ తనకి కొత్త జాకెట్టు కత్తిరించుకుంటోంది. ఎడమవైపు ఈసారి పావంగుళమే తగ్గించిందట. మీకు చెప్పమంది."

ఆయన చెప్పులేసుకుని, రెండేళ్ళలో మొదటిసారి పిండిమర దారిన వెళ్ళాడు. గోడ ముందు నిలబడి తన బొమ్మకేసి చాలాసేపు చూశాడు. అది తల ఎత్తలేదు. ఎత్తమని ఆయనా అడగలేదు.