నాన్నను వెనక్కి తిప్పిన వాలు

ఏజాక్స్ ఊళ్లో సిటీ బస్సు నడిపి రిటైరైన షాలేమ్ రాజు, ఫిబ్రవరిలో వాంకూవర్‌లో ఉంటున్న కూతురు జెస్లిన్ దగ్గరికి వచ్చాడు. ఆమె ఫోటోల్లో చూసిన మంచుకొండ ఎక్కాలని ఆయన కోరిక. ఆదివారం ప్రార్థన ముగిశాక, మర్నాడు సెలవేనని జెస్లిన్ ఒప్పుకుంది. పొద్దున్నే ఆయన కాళ్లకు మంచులో దిగబడకుండా వెడల్పాటి స్నోషూలు కట్టింది. మంచులో కూరుకుపోయిన మనిషి జాడ చెప్పే బీకన్ తగిలించింది.

అడవి దాటగానే చదునైన మైదానం, దాని అవతల నిటారు వాలు, పైన శిఖరం. ఆకాశం నిర్మలంగా ఉంది. జెస్లిన్ మాత్రం ఆగిపోయింది. రాత్రి గాలి శిఖరం అంచున మంచును దిబ్బలుగా పేర్చింది. ఇప్పుడేమో ఎండ చురుక్కుమంటోంది.

"ఇక చాలు నాన్నా. మంచుచరియల రిపోర్టులో డేంజర్ కన్సిడరబుల్ అని ఇచ్చారు, హైకి ఒక్క మెట్టే కింద."

"హై కాదుగా తల్లీ. ఐసు మీద బస్సు నడిపినవాణ్ణి, ఇదొక లెక్కా?"

ఆయన నాలుగడుగులు ముందుకు వేశాడు. కాళ్ల కింద, ఎక్కడో పెద్ద తలుపు మూసినట్టు బరువైన చప్పుడయింది. మంచు కాస్త కుంగి, సన్నటి బీట ముందుకు పాకింది. షాలేమ్ రాజు కదల్లేదు.

"కింద పొర కూలింది. నీ అడుగుల్లోనే వెనక్కి రా నాన్నా," అంది జెస్లిన్ నెమ్మదిగా.

ఆయన తన అడుగుల్లోనే కాలు వేస్తూ వచ్చాడు. చెట్లలోకి బాగా వెనక్కి వెళ్లాక ఆమె పారతో గొయ్యి తవ్వి, అడుగు పొర చూపించింది. చేత్తో తీస్తే పంచదారలా జారిపోయింది.

"దీని మీదా అంత మంచు నిలబడింది?" అని ఆశ్చర్యపోయాడు.

చపాతీలు, కోడి వేపుడు తింటుండగా చెట్ల సందుల్లోంచి కనిపిస్తున్న వాలు మీద మంచు ఒక్కసారిగా తెగింది. తెల్లటి పొడి పొగలా లేచి, ఆయన నడవబోయిన దారిని కప్పేసి, అడవికి చాలా దూరంలో ఆగింది.

"అమ్మకి చెప్పకు," అన్నాడు షాలేమ్ రాజు.

సిగ్నల్ దొరగ్గానే తనే భార్యకు ఫోన్ చేశాడు. "కృపా, మన పిల్లకి మంచు చదవడం వచ్చు. ఎంత చక్కగా చెప్పిందో." ఫోన్ పెట్టి కూతురి వైపు తిరిగాడు. "నువ్వు ఇదంతా నేర్చుకున్న కోర్సుకి నాలాంటి వాళ్లని చేర్చుకుంటారా?"

"షూర్. బట్ యూ హావ్ టు లిసెన్."

"విన్నాను కదే."

"సెకండ్ టైం," అంది జెస్లిన్. షాలేమ్ రాజు అడవి మారుమోగేలా నవ్వాడు.