పద్దెనిమిది దగ్గులు

పదిహేడో దగ్గును కూడా తీసేసి, భీమారావు హెడ్‌ఫోన్‌ని ఒక చెవి మీంచి పక్కకి జరిపాడు. టీ చల్లారిపోయింది. పైన సన్నటి నల్లపొడి అప్పుడే తెట్టు కట్టింది. రాయపూర్ పక్కనున్న బీర్‌గావ్‌లో టీ అయినా మజ్జిగ అయినా మూత పెట్టకుండా పావుగంట ఉంచితే, ఉర్లా ఫ్యాక్టరీలు అందులో తమ వంతు వేసే తీరతాయి. చూపుడువేలితో ఆ తెట్టు తీసి విదిలించి, మిగతాది గుటుక్కున తాగేశాడు. ఇంక ఒక్క దగ్గే మిగిలింది.

ఆ పద్దెనిమిదోది మొండిఘటం. మాటకి ముందో వెనకో రాకుండా సరిగ్గా మాట మధ్యలో దూరింది. రికార్డింగులో మాట్లాడుతున్న దానయ్య, తను పనిచేసే ఇనుము కరిగే కొలిమిని అందరిలాగే 'భట్టీ' అంటాడు. 'భట్' అన్నాక దగ్గొచ్చింది, ఆ తర్వాత 'టీ' వచ్చింది. భీమారావు కళ్ళద్దాలు ముక్కు చివరికి దించుకుని, ఆ మాటని రెండుచోట్ల కత్తిరించి, రెండు నిమిషాల తర్వాత దానయ్య మళ్ళీ అన్న 'భట్టీ'ని పట్టుకొచ్చి ఇక్కడ అతికించాడు. విన్నాడు. అతుకు తెలియలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, బట్టతల, వంగిన వీపు, ఎడమ భుజం మీద పాతికేళ్ళు కెమెరా మోసిన గుంట. ఖాళీ గదిలో ఒక్కడే కూర్చుని నవ్వుకున్నాడు.

కింద పిండిమర, పైన రెండు గదులు. ఫ్యాక్టరీ పనివాళ్ళ పిల్లలకి కెమెరా పట్టడం, రికార్డరు పట్టడం నేర్పి, వాళ్ళ చేత చిన్న చిన్న చిత్రాలూ రేడియో ముక్కలూ చేయించి, వాటిని దరఖాస్తుకి జతచేసి కాలేజీలకి పంపడం ఇక్కడి పని. మార్కులు చూసి తలుపు వేసేవాళ్ళు కూడా పిల్లలు చేసిన పని చూస్తే తలుపు తీస్తారని ఈ కేంద్రం పెట్టిన ట్రస్టువాళ్ళ నమ్మకం. ఏడేళ్ళలో కొన్ని తలుపులు తెరుచుకున్నాయి కూడా. ఇక్కడ పాఠాలు చెప్పే భీమారావు మాత్రం ఇంటర్ తప్పినవాడు. కాలేజీ అనేదాని గేటు లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు. పిల్లల్ని పరీక్షకి దింపడానికి వెళ్ళినా బయట పాన్‌ఠేలా బండి దగ్గరే నిలబడతాడు.

తండ్రి పలాస నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. తండ్రి పోతే ఆ ఉద్యోగం అన్నగారికి వచ్చింది. తమ్ముడికి ఒక పాత వీడియో కెమెరా దక్కింది. దాంతో రాయపూర్ చుట్టుపక్కల జరిగిన ఎన్ని పెళ్ళిళ్ళో తీశాడు. తాళి కట్టేవేళకి పెద్దాయన ఎవరో ఖళ్ళుఖళ్ళుమంటాడు. చంటిపిల్ల ఆరున్నొక్క రాగం అందుకుంటుంది. వాటన్నిటినీ ఏరేసి, క్యాసెట్టు పెట్టగానే మంత్రాలూ సన్నాయీ తప్ప ఇంకేమీ వినబడకుండా చెయ్యడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. ఇప్పుడు పెళ్ళికొచ్చిన ప్రతివాడి చేతిలోనూ ఫోను ఉంది. పెళ్ళిళ్ళు అతన్ని పిలవడం మానేశాయి.

"పెళ్ళిళ్ళు పోయినా నీ పెళ్ళిబుద్ధి పోలేదయ్యా," అంటుంది భార్య రమణమ్మ. పొద్దున్న డబ్బా సర్దుతూ కూడా అదే అంది, అతను ఏడున్నరకే బయల్దేరుతుంటే.

అంత పొద్దున్నే రావడానికి కారణం చాందిని. దానయ్య కూతురు. పన్నెండో తరగతి అయింది. పుణేలో శబ్దం పని నేర్పే కాలేజీ ఒకటుంది. 'మీకు బాగా తెలిసిన ఒక మనిషిని అయిదు నిమిషాల్లో వినిపించండి' అని అడిగింది. బొమ్మలు అక్కర్లేదు, శబ్దమే. ఈరోజు సాయంత్రం అయిదింటికి ఆఖరు. చాందిని నెలరోజులు తండ్రి వెనకాలే రికార్డరు పట్టుకు తిరిగింది. నిన్న సాయంత్రం చివరి కత్తిరింపు అయ్యాక, "రేపు పదింటికొస్తాను సార్, కలిసి పంపిద్దాం," అని వెళ్ళింది. పిల్ల పని బాగుంది. కానీ ఆ దగ్గులేమిటి? ఇంతమంచి పిల్ల, ఇంత మంచి గొంతున్న తండ్రి, మాటమాటకీ దగ్గు. పుణేలో వినేవాళ్ళు ముఖం చిట్లించరూ? చివర్లో చాందిని తన గొంతుతో ఒకే ఒక్క వాక్యం చెప్పింది: 'మా ఇంట్లో అందరం ఈ చప్పుడుకే లేస్తాం.' వెనకాల దూరంగా ఫ్యాక్టరీ సైరన్ వినబడుతోంది. దాని గురించే అనుకున్నాడు భీమారావు. సైరన్‌ని కొంచెం పెంచాడు కూడా.

శుభ్రం చేసిన దాన్ని పాతదాని మీదే సేవ్ చేశాడు. తర్వాత రికార్డరులోంచి కార్డు తీసి, కంప్యూటర్‌లో పెట్టి, మొత్తం తుడిచేశాడు. ఇది అతని నిత్యపూజ. పూర్వం ఒకసారి తిల్దాలో రైసుమిల్లు షావుకారు కూతురి పెళ్ళిలో, సరిగ్గా తలంబ్రాల వేళకి కార్డు నిండిపోయింది. ముందురోజు పెళ్ళి అందులోంచి తుడవడం మర్చిపోయాడు. మూడువందలమంది మధ్య షావుకారు తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ఆనాటి నుంచి తెల్లారేసరికి కార్డు ఖాళీగా ఉండాల్సిందే. పిల్లలకీ అదే నేర్పాడు. వాడేసిన ముక్కలు ఎప్పటికప్పుడు తీసెయ్యండి, చోటు మిగుల్తుంది అని.

చాందిని పదికి అయిదు నిమిషాల ముందే వచ్చింది. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఎండకి దుపట్టా ముఖానికి చుట్టుకుని కళ్ళు మాత్రం కనబడేలా వచ్చి, విప్పి, కుర్చీలో కూర్చుంది. భీమారావు ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్ ఆమె తలకి తగిలించి, పక్కన చేతులు కట్టుకు నిలబడ్డాడు. కానుక ఇచ్చినవాడు పొట్లం విప్పేవరకూ ఎలా నిలబడతాడో అలాగ.

నిమిషం గడిచింది. ఆమె భుజాలు బిగుసుకున్నాయి. వెనక్కి జరిపి మళ్ళీ విన్నది.

"సార్, దగ్గులేవి?"

"తీసేశానమ్మా. ఒక్కటి కూడా తెలీదు, చూడు."

"సాఫ్ చేసేశారా?" ఆమె గొంతు పెరగలేదు. "అసలుది ఎక్కడుంది సార్?"

అప్పుడు గాని భీమారావుకి అర్థం కాలేదు. పొద్దున్నే నాలుగింటికి దానయ్య దగ్గు మొదలవుతుంది. ఆ చప్పుడుకే తల్లి లేచి స్టవ్ వెలిగిస్తుంది, చాందిని పుస్తకం తీస్తుంది. ఆ చప్పుడుకే లేస్తామని ఆ పిల్ల అన్నది సైరన్ గురించి కాదు. మొదటిరోజు ప్రతి పిల్లనీ మెట్ల మీద కళ్ళు మూయించి కూర్చోబెట్టి, వినబడినవన్నీ కాగితం మీద రాయమనే మనిషి. ఏదీ వదలొద్దని చెప్పే మనిషి తను. చాలా సిగ్గేసింది.

తుడిచేసిన ఫైళ్ళు వెనక్కి రప్పించే దుకాణం దేవేంద్ర నగర్‌లో ఒకటుంది. ఫోన్ చేశాడు. మూడురోజులు పడుతుందన్నారు.

"ఉన్నదే పంపేద్దామా అమ్మా? ఇదీ బాగానే..."

"అది మా నాన్న కాదు సార్." చాందిని దుపట్టా మళ్ళీ చుట్టుకుంటోంది. "రేడియోలో వార్తలు చదివే మనిషిలా ఉన్నాడు. నాన్న నిన్నట్నుంచి డ్యూటీకి వెళ్ళలేదు, ఇంట్లోనే పడుకున్నాడు. చలియే సార్, పదండి. దగ్గు మళ్ళీ రికార్డ్ చేద్దాం."

ముందు కలిసి కూర్చుని, ఆ అయిదు నిమిషాలూ మళ్ళీ మళ్ళీ వింటూ, గుర్తు తెచ్చుకుంటూ, దగ్గు ఎక్కడెక్కడ పడాలో ఒక కాగితం మీద రాసుకున్నారు. పద్దెనిమిది చోట్లు. వాళ్ళు బయల్దేరేసరికి రెండు దాటింది.

దానయ్య ఇల్లు ఒకటే గది. రేకుల కప్పు, మడతమంచం, కిటికీలో డుగడుగమంటూ కూలరు. దానయ్య మంచం మీద దిండుకి చేరబడి ఉన్నాడు. ఒకప్పుడు కండ ఉన్న మనిషని చేతుల ఎముకలు చూస్తే తెలుస్తుంది. ఒక డాక్టరు టీబీ అన్నాడు, ఇంకొకడు ఊపిరితిత్తుల్లో దుమ్మన్నాడు, పెద్దాసుపత్రివాళ్ళు పోయినవారం ఇంటికి తీసుకుపొమ్మన్నారు; అయినా మొన్నటిదాకా డ్యూటీకి వెళ్తూనే ఉన్నాడు. భార్య అప్పలనరసమ్మ స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

భీమారావు జరిగింది చెప్పాడు, తల ఎత్తకుండానే. దానయ్య నవ్వాడు.

"నా దగ్గు తీసీసారేటి మేస్టారూ? డాకటర్లు తియ్యలేపోనారు గదా!"

తనకీ వినిపించమన్నాడు. ఫోనులో వేసుకొచ్చిన ఆ అయిదు నిమిషాలూ హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక హెడ్‌ఫోన్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పెళ్ళయిన కొత్తలో ఇలాగే ఉండీది నా గొంతు. ఇది మర్సిపోనాను," అన్నాడు. తర్వాత కూతురి వైపు చూసి, "సరే, రికార్డు సెయ్యండి. దగ్గుకేటి కరువు మనింట్లో?"

కూలరు చప్పుడు. భీమారావు కిటికీ వైపు చూశాడు. శబ్దం పట్టేటప్పుడు ఫ్యాన్లూ కూలర్లూ కట్టెయ్యడం అతని మొదటి పాఠం. అతను అడగకముందే దానయ్య, "ఆపీయే," అన్నాడు భార్యతో. కూలరు ఆగింది. మే నెల ఎండ రేకుల మీంచి ఒక్కసారిగా గదిలోకి దిగింది.

చాందిని మైకు పట్టుకుంది. భీమారావు హెడ్‌ఫోన్ పెట్టుకుని, రికార్డరు ఒళ్ళో పెట్టుకుని, ఎర్ర బొత్తాం నొక్కాడు. దాని చిన్న అద్దంలో నల్లటి గీతలు చప్పుడుని బట్టి పైకీ కిందకీ ఆడతాయి. ఎదురుచూశారు. దగ్గు రాలేదు. పావుగంటయింది, రాలేదు.

"పిలస్తే రాదు మేస్టారూ. అలిగిన అల్లుడు గదా," అన్నాడు దానయ్య. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నిద్రపట్టింది.

హెడ్‌ఫోన్‌లో అతని ఊపిరి దగ్గరగా వినబడుతోంది. లోపలికి పోయేటప్పుడు ఒక చిన్న ఈల, బయటికి వచ్చేటప్పుడు రెండు. అద్దంలో రెండు గీతలు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఇంతకాలం మనుషుల ఊపిరి చప్పుళ్ళని కూడా తుడిచేసిన భీమారావు, ఇవాళ ఒక్కటీ పోకుండా వింటున్నాడు. ఒక్క దగ్గు, దేవుడా, ఒక్కటి ఇప్పించు అని మొక్కుకున్నాడు. ఒక్కటి దొరికితే పద్దెనిమిది చోట్లా అదే అతికిస్తాను అనుకున్నాడు.

గీతలు లేవడం ఆగిపోయింది.

వైరు వదులయిందేమో అనుకున్నాడు. ప్లగ్గు నొక్కి చూశాడు. వీధిలో సైకిలు గంట వినబడింది, అప్పలనరసమ్మ గాజులు వినబడ్డాయి, పక్కింటి కుక్కరు వినబడింది. వైరు బాగానే ఉంది. అప్పుడు తలెత్తి మంచం వైపు చూశాడు.

గదిలో ఆ సంగతి తెలిసింది అతనొక్కడికే. చాందిని ఇంకా తండ్రి నోటికి జానెడు దూరంలో మైకు పట్టుకునే ఉంది. చెయ్యి కొంచెం కూడా కదలడం లేదు. కదలకూడదని నేర్పింది తనే. భీమారావు రికార్డరు పక్కన మూలకి పెట్టి, లేచి, తన చేతిని ఆమె చేతి మీద వేసి, మైకుని మెల్లగా కిందికి దించాడు. చాందిని అతని ముఖం చూసింది. తర్వాత తండ్రి ముఖం చూసింది. అప్పలనరసమ్మ అరుపుకి వీధంతా లోపలికి వచ్చింది.

ఎవరో వెళ్ళి కూలరు వేశారు. అది చూసి భీమారావు గోడకి చేరబడి ఏడ్చాడు. ఆ కూలరు ఆపకపోతే ఏమయ్యేదో అతనికి తెలియదు, ఇక ఎప్పటికీ తెలియదు.

దానయ్యతో పాటు భట్టీ దగ్గర పనిచేసే అచ్చయ్య వచ్చాడు. మంచివాడు. శవాన్ని కిందికి దింపించి, తల ఉత్తరానికి కాకుండా దక్షిణానికి తిప్పించి, చాందిని దగ్గరికొచ్చి తలమీద చెయ్యి వేశాడు. "బెంగెట్టుకోకు గుంటా. కూలీలని పెట్టే ఠేకేదారుతో నాను మాటాడతాను. దానయ్య జాగాలో నీకు లోపల ఏదో పని ఇప్పిస్తాడు. సోమవారం నుంచి వచ్చీ." చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. అంతకంటే ఉపకారం వాళ్ళెవరికీ తెలియదు. తండ్రి పోతే తండ్రి జాగా. భీమారావు ఇంట్లోనూ అదే జరిగింది.

చాందిని అతని వైపు తిరిగింది.

"సార్, టైమెంత?"

"అయిదుకి పదినిమిషాలు తక్కువ."

అతను జేబులోంచి ఫోను తీసి చూపించాడు. దరఖాస్తు తెరిచే ఉంది, శుభ్రం చేసిన అయిదు నిమిషాలూ అందులో సిద్ధంగా ఉన్నాయి. ఒక్క బొత్తాం. "నొక్కనా అమ్మా?" అన్నాడు. ఆమె దాన్ని చూసింది. వద్దని తల ఊపింది. బిందె తీసుకుని, తండ్రికి స్నానం చేయించడానికి నీళ్ళకోసం వీధి కుళాయికి వెళ్ళింది.

భీమారావు అయిదు దాటేవరకూ అక్కడే ఉన్నాడు. తర్వాత చెప్పులు వేసుకుని నడిచాడు. బస్సు ఎక్కలేదు. ఎండ తగ్గాక ఇల్లు చేరితే, రమణమ్మ అతని భుజాన వేలాడుతున్న సంచీ అందుకుని, తేలిగ్గా ఉందేమని లోపల చూసింది. సామాను మూడుసార్లు లెక్క చూసుకుంటే గాని పెళ్ళింట్లోంచి కదలని మనిషి అతను.

"ఇందులో మిషనేదయ్యా?" అంది.

అతను చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. బీర్‌గావ్‌లో ఆ గది మూల, దానయ్య తిరగేసి పెట్టిన టిఫిన్ డబ్బా పక్కన, రికార్డరు ఎవరూ ఆపకుండా అలాగే ఉంది. ఏడుపులూ కూలరూ కలిసి దాని అద్దంలో గీతల్ని పైకి లేపుతున్నాయి, ఎర్రచుక్క వెలుగుతోంది.